తలుపు పట్టేస్తోంది, కళ్లు కనపడవు, నేనే బాగుచేసుకోవాలని ఉంది

ఆమదాలవలస_కుర్రాడు

అందరికీ నమస్కారం. చూపులేనివాళ్లం మాట్లాడుకునే ఈ చోట చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. ఫోనుకి చెప్తుంటే అది రాస్తోంది, అచ్చుతప్పులుంటే ఏమనుకోకండి.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. గ్లాకోమా వల్ల ఆరేళ్ల కిందట ఒక కన్ను, నాలుగేళ్ల కిందట రెండోది పోయాయి. ఇప్పుడు వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది, అంతే. మాది తాతల నాటి ఇల్లు. వీధి తలుపు టేకుది. వానలు పడ్డప్పటినుంచి పట్టేస్తోంది, భుజం పెట్టి తోస్తే గానీ పడదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆవిడ వల్ల కాదు. రాత్రిపూట గొళ్లెం పెట్టకుండానే పడుకుంటున్నాం. మేస్త్రీకి కబురు పెట్టి పదిహేను రోజులైంది. రేపొస్తానంటాడు. ఆయనకి పెద్ద ఇళ్ల పనులున్నాయి, ఆయన తప్పు కూడా కాదు.

చూపున్నప్పుడు ఇలాంటివి నేనే చేసుకునేవాణ్ణి. నాన్న పెట్టెలో చెక్క పైపొర తీసి నునుపు చేసే చిత్రిక, రెండు ఉలులు, చేతిరంపం, సుత్తి అలాగే ఉన్నాయి. మొన్న రాత్రి పెట్టె తెరిచి చిత్రిక పట్టుకున్నాను. పిడి దగ్గర నాన్న బొటనవేలు ఆనే గుంట తగిలింది. అమ్మ చూసి చేతిలోంచి లాగేసుకుంది.

నేనడిగేది రెండు సంగతులు. తలుపు ఎక్కడ రాసుకుంటోందో చూడకుండా తెలుసుకోవడం ఎలా? గీత కనపడనప్పుడు ఎంతవరకు తియ్యాలో, ఎంత తీశానో తెలిసేదెలా? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఎవరితోనైనా చేయించుకో అని మాత్రం దయచేసి అనకండి. అది రోజూ వింటున్నాను.

ఉలిచప్పుడు

తమ్ముడూ, మాది బొబ్బిలి. నాకు పుట్టుకతోనే చూపు లేదు. వయసు 52. మా ఇంట్లో మంచాలు, పీటలు, దేవుడి మందిరం నా చేత్తో చేసినవే. నీ రెండు ప్రశ్నలకీ జవాబుంది. చిత్రిక ముట్టుకునే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది.

ఇంట్లో పాత శుభలేఖ వెతుకు. మందపాటి అట్టది. తలుపు నీ వల్ల అయినంత దగ్గరికి వేసి, రెక్కకీ గుమ్మానికీ మధ్య సందులో ఆ అట్ట దూర్చి మెల్లగా జరుపుకుంటూ పో. కింద నుంచి పైకి, పైన అడ్డంగా, మళ్లీ తలుపు తిరిగే బందుల వైపు. హాయిగా జారినచోట సందు ఉన్నట్టు. ఆగిపోయినచోట రాసుకుంటున్నట్టు. ఆగినచోట రెక్క మీద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించు. అట్ట మళ్లీ కదిలినచోట ఇంకో ముక్క. ఆ రెండు ముక్కల మధ్యే నీ పని. కళ్లున్నవాళ్లు ఊహించి ఇంత పొడుగు చెక్కేస్తారు, నువ్వు నాలుగంగుళాల్లో తేలుస్తావు.

ఇంకోటి. తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తి చూడు. పై బందు దగ్గర టక్కుమని చప్పుడొస్తే, చేతికి ఆట తెలిస్తే, చెక్క ఉబ్బడం కంటే ముందు బందు స్క్రూలు వదులయ్యాయని అర్థం. పై బందు వదులైతే రెక్క వాలుతుంది. గొళ్లెం వైపు పైమూల వెళ్లి గుమ్మానికి గుద్దుకుంటుంది, కిందిమూల గడపకి రాస్తుంది. అప్పుడు చెక్క తీస్తే తప్పు. వేసవిలో చెక్క ఆరాక ఆ సందులోంచి పిల్లి దూరుతుంది.

ముందు ఈ రెండూ చేసి చెప్పు.

అక్కయ్య_నెల్లిమర్ల

అందరూ క్షమించాలి. నేను చూపున్నదాన్ని. మా తమ్ముడికి చూపు లేదు, వాడి కోసమే ఇక్కడ చదువుతుంటాను. ఈ బాబు వాళ్లమ్మగారు చిత్రిక ఎందుకు లాక్కున్నారో నాకు తెలుసు. ఉలి జారితే? వేలు పోతే? బ్రెయిలీ గారికి మూడేళ్లప్పుడు చూపు పోయింది కూడా వాళ్ల నాన్న తోలు కొట్లో పనిముట్టు కంట్లో గుచ్చుకునే కదా. మా తమ్ముడు సుత్తి పట్టుకుంటే నాకు గుండె ఆగినట్టవుతుంది. ధైర్యం చెప్పేవాళ్లు జాగ్రత్త కూడా చెప్పండి.

సెక్కమేస్త్రీ_నరసన్నపేట

అమ్మా, నాను నలబయ్యేళ్లుగా సెక్క పని సేస్తన్నాను. కళ్లు బాగానే ఉన్నాయి. మా అమ్మాయి ఇవన్నీ సదివి యినిపిస్తంది, నాను సెప్తే అది రాస్తంది.

నీ బయం నిజివే. గాని ఒక మాట యిను. నా సేతికి మూడు గాట్లున్నాయి. మూడూ నాను సూస్తన్నప్పుడు తగిలినవే. ఉలి ఎప్పుడు తగులుతాదంటే, ఒక సేత్తో సెక్క పట్టుకుని ఇంకో సేత్తో పొడిసినప్పుడు తగులుతాది. సెక్కని బల్లకి క్లాంపుతో బిగించీసి, రెండు సేతులూ ఉలి మీదే ఎడితే, పదును ముందర సెయ్యి ఎక్కడుంటాది? ఉండదు. ఇది కళ్లున్నోడికీ లేనోడికీ ఒకటే. రెండోది, మొండి ఉలి మా సెడ్డది. అది దిగదు, బలం ఎడతాం, జారతాది. పదునున్న ఉలి సెప్పినచోట ఆగుతాది. మీ తమ్ముడికి సుత్తి ఇచ్చే ముందు సానరాయి ఇయ్యమ్మా.

ఆ బాబు నాన్నగారి సిత్రిక ఎన్నేళ్లుగా పెట్టిలో ఉందో. అందులో ఇనప పలక తీసి సాన ఎట్టాల. తుప్పుంటే ముందు అది పోవాల.

ఆమదాలవలస_కుర్రాడు

అన్నా, శుభలేఖ పని చేసింది! మా చెల్లి పెళ్లిదే దొరికింది. గొళ్లెం వైపు పైమూలలో అట్ట ఆగిపోయింది, పైనుంచి దాదాపు జానెడు. కింద గడప దగ్గర కూడా కొంచెం. పిడి పట్టుకుని ఎత్తితే పై బందు దగ్గర మీరు చెప్పినట్టే టక్కుమంది. రెండు స్క్రూలు వేళ్లతోనే తిరిగిపోతున్నాయి. ఎంత తిప్పినా బిగియవు, ఊరికే తిరుగుతున్నాయి.

మేస్త్రీ గారూ, పలక ఎలా తియ్యాలో చెప్తారా? అమ్మ కూడా ఇదంతా వింటోంది. ఫోను గట్టిగా పెట్టి చదివిస్తున్నాను.

ఉలిచప్పుడు

అమ్మగారికి నమస్కారం చెప్పు.

అయితే చిత్రికని ఇవాళ పక్కన పెట్టు. ముందు బెజ్జాలు. గొళ్లెం వైపు రెక్క కింద ఒక చెక్క చీలిక పెట్టి, రెక్క బరువంతా దాని మీద పడేదాకా మెల్లగా తట్టు. ఎప్పుడు చాలో పై బందు మీద వేలుంచితే తెలుస్తుంది. లోహం మీద లాగుడు తగ్గి స్క్రూ వదులవుతుంది. అక్కడ ఆపు. ఇది చెయ్యకుండా స్క్రూలన్నీ తీసేస్తే రెక్క నీ మీదకొస్తుంది. ఒక్కో స్క్రూ తీసి, బాగుచేసి, బిగించాకే రెండోది.

స్క్రూ తీశాక బెజ్జంలోకి అగ్గిపుల్లలు. తలలు విరిచెయ్యి. రెండో మూడో కలిపి ఫెవికాల్‌లో ముంచి సుత్తితో తట్టి దించు. ఇక దిగవు అన్నప్పుడు చప్పుడు మారుతుంది, డొల్లగా ఉన్నది గట్టిపడుతుంది. బయటికున్నది విరిచి, ఉలి వెనకభాగం బందు మీద ఆనించి చదునుగా కొయ్యి. ఆ రాత్రికి వదిలెయ్యి. ఫెవికాల్‌కి ఒక పూర్తి రోజు ఇస్తే మంచిది. మర్నాడు సన్నమేకుతో మధ్యలో చిన్న గుంట పెట్టి, స్క్రూ ఎక్కించు.

పాత తలుపు కాబట్టి ఒకే గాటున్న స్క్రూలే ఉండుంటాయి. గోరుతో గాటు ఎటు ఉందో చూసుకో. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు స్క్రూ తల చుట్టూ ఉంగరంలా పెట్టి, ఆ ఉంగరంలోంచి స్క్రూడ్రైవర్ దించు. అప్పుడది జారి చెక్కని గీరదు. కింద తడిగుడ్డ పరిచిన పళ్లెం పెట్టుకో. స్క్రూ పడితే ఎగిరి మంచం కిందకి పోకుండా అక్కడే ఉంటుంది. నేను ఈ పళ్లెం అలవాటు చేసుకోకముందు ఒక్క స్క్రూ కోసం గంటసేపు నేల తడిమిన రోజులున్నాయి.

పైడితల్లి_వీధి_విజయనగరం

ఈ పళ్లెం మాట చదివి ఆగలేక రాస్తున్నాను. నేనూ పూర్తిగా చూపు లేనిదాన్నే. మా ఇంట్లో కుళాయి వాషర్లు పదేళ్లుగా నేనే మారుస్తాను. గేట్ వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి ఉన్న నీళ్లు కారనిచ్చి, సింకు బెజ్జంలో గుడ్డ కుక్కి అప్పుడు విప్పుతాను. విప్పిన ప్రతి భాగాన్ని తువ్వాలు మీద ఎడమ నుంచి కుడికి వరసగా పెడతాను. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి తీసుకుంటూ పోవడమే. టేఫ్లాన్ టేపు మర కొన మన వైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. దానికి ఎదురువైపు చుడితే బిగిస్తుంటే ఊడొస్తుంది. పాత వాషరు చేత్తో పట్టుకుంటే చాలు, ఒకవైపు వాలు గుంట పడి ఉంటుంది, అదే చెప్పేస్తుంది.

ఇవన్నీ మా పెద్దత్తయ్య నేర్పింది. ఆవిడకి చూపుంది, చదువు లేదు. చదువు నేర్పే చోట నాకు ఇవేమీ నేర్పలేదు. పేరెందుకు గానీ, నేను చదివిన చోట మాకు కుర్చీలు అల్లడం, కొవ్వొత్తులు పొయ్యడం, సుద్దముక్కలు చెయ్యడం నేర్పారు. కుర్చీకి వైరు నేను చక్కగా అల్లేదాన్ని. కుర్చీ కాలు విరిగితే మాత్రం బాగుచెయ్యడానికి బయటి మనిషిని పిలిచేవారు. ఆ కాలు మేం ఎందుకు ముట్టుకోకూడదో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నాకు బాధ.

నాగావళి_మాస్టారు

నేను ఫిజిక్సు మాస్టారుగా రిటైరయ్యాను. రెటినైటిస్ వల్ల ఇప్పుడు చూపు దాదాపు లేదు. కుర్రాడి రెండో ప్రశ్నకి, అంటే కొలతకి, ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నాకిష్టమైన సంగతి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

అమెరికాలో చూపులేని వడ్రంగులు వాడే కొలతపరికరం ఒకటుంది. అందులో ఉన్నది ఒక మరకడ్డీ, దాని మీద తిరిగే నట్టు. అంగుళానికి 16 మరలు. నట్టు ఒక చుట్టు తిరిగితే అంగుళంలో పదహారో వంతు జరుగుతుంది. అది తెప్పించుకోనక్కర్లేదు. శ్రీకాకుళంలో ఏ హార్డువేర్ కొట్లో అడిగినా త్రెడ్ రాడ్డు ఇస్తారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు నూళ్ల రాడ్డు తీసుకుంటే దానికీ అంగుళానికి 16 మరలే. రెండు చుట్లు తిప్పితే సరిగ్గా ఒక నూలు. మన మేస్త్రీల లెక్కకి ఇంతకంటే అనువైనది లేదు. మిల్లీమీటర్లు కావాలంటే ఎం10 రాడ్డు. దానికి చుట్టుకి ఒకటిన్నర మిల్లీమీటరు. నట్టుకి ఆరు ముఖాలు కదా, ఒక్క ముఖం తిప్పితే పావు మిల్లీమీటరు. పావు మిల్లీమీటరు కళ్లున్నవాడు టేపు మీద చదవలేడు.

చిక్కల్లా ఒకటే. ఈ రెండు రాడ్లూ లావులో దాదాపు ఒకటే, కొట్లో కుర్రాళ్లు ఒకటడిగితే ఒకటి ఇస్తారు. పది రూపాయల బిళ్లతో తేల్చుకోవచ్చు. దాని అడ్డం 27 మిల్లీమీటర్లు. నట్టుని రాడ్డు కొనకి సమంగా పెట్టి, కొనకీ నట్టుకీ మధ్య బిళ్ల అడ్డం సరిగ్గా పట్టేంత దూరం వచ్చేదాకా నట్టుని లోపలికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. 18 చుట్లు పడితే మిల్లీమీటరు రాడ్డు, 17 పడితే అంగుళం రాడ్డు. నేను కొట్టు మెట్ల మీదే కూర్చుని లెక్కపెట్టి, ఒకసారి వెనక్కిచ్చేశాను.

జానెడు ముక్క కోయించుకుని, కొన అరగదీసి చదును చెయ్యండి. పది చుట్లకొకటి చొప్పున ఆకురాయితో చిన్న గాటు పెట్టుకుంటే ప్రతిసారీ మొదట్నించి లెక్కపెట్టనక్కర్లేదు. నట్టు కదలకుండా వెనకాల ఇంకో నట్టు బిగించుకోవాలి. ఇక చెక్క అంచుకి నట్టు ఆనించి లాగితే రాడ్డు కొన దగ్గర కత్తితో గాటు పెట్టొచ్చు.

సెక్కమేస్త్రీ_నరసన్నపేట

మాస్టారూ, మీరు సెప్పింది బాగుంది. గాని మా తాత టేపు లేకండానే ఇళ్లు కట్టీసేడు. కొలపుల్ల అనీవోడు. గుమ్మం ఎత్తుకో పుల్ల, వెడల్పుకో పుల్ల. ఆ పుల్ల కొనల మీద గాట్లే లెక్క. అంకి అక్కర్లేదు. బాబు పీట సేస్తే నాలుగు కాళ్లకి నాలుగుసార్లు కొలవొద్దు. ఒక పుల్ల కోసుకో, నాలుగూ దానికి ఆనించి కొయ్యి. అంగుళం తప్పినా నాలుగూ ఒక్కలాగే తప్పుతాయి, పీట మాత్రం కదలదు.

గీత గురించి. పెన్సిలు ఒగ్గీ. కత్తి ఎట్టు. కత్తి గాటులో ఉలి దానంతటదే పడతాది, నువ్వు ఎతకక్కర్లేదు. నాను కూడా మంచి పనికి కత్తే ఎడతాను. మూలమట్టం సెక్క అంచుకి బాగా ఆనించి, మొదటిసారి తేలిగ్గా, రెండోసారి గట్టిగా గీయి. ఒకేసారి గట్టిగా లాగితే కత్తి సెక్క ఈనె, అంటే నారల వరస, ఎంబడి ఎల్లిపోతాది.

ఉలిచప్పుడు

మేస్త్రీ గారు చెప్పినదే నా పనికంతటికీ మూలం. నా చేతికి తగిలేది గాటు, ఆనేది అడ్డుచెక్క. ఈ రెండూ ఉంటే నేను కొలవను, ఆనిస్తాను. రంపం కోతకి కూడా గాటు పక్కన ఒక చదరపు చెక్క బిగించి, దానికి రంపం ఆనించి కోస్తాను.

వంశధార_88

అన్నలూ, నేను పాక్షికంగా చూపున్నవాణ్ణి, బ్యాంకులో ఉద్యోగం. అందరూ చేతిపనిముట్లే చెప్తున్నారు. మెషీన్లు ఎందుకు వద్దు? జార్జ్ వుర్ట్జెల్ అని అమెరికాలో పూర్తిగా చూపులేని వడ్రంగి, కాలిఫోర్నియాలో నాపా కొండల్లో చూపులేనివాళ్ల శిబిరంలో చెక్కపని నేర్పాడు. ఆయన మెషీన్లన్నీ వాడతాడు. అక్కడ చర్మం తగలగానే బ్లేడు ఆగిపోయే రంపపుబల్లలు కూడా ఉన్నాయి. నేను డ్రిల్లు కొన్నాను, ఇంకా జిగ్‌సా కొందామనుకుంటున్నాను. కట్టర్ మెషీన్ కూడా చవకగా వస్తోంది.

ఉలిచప్పుడు

డ్రిల్లు సంతోషంగా వాడు తమ్ముడూ. మందపాటి చెక్కముక్కలో నిటారుగా ఒక బెజ్జం మంచి మేస్త్రీ చేత వేయించుకుని దాచుకో. దాన్ని పనిచెక్క మీద బిగించి అందులోంచి డ్రిల్లు దించితే వంకర పోదు. లోతుకి బిట్టు చుట్టూ చిన్న చెక్కపూస ఎక్కించు, అది ఆనగానే ఆగిపోతుంది.

కట్టర్ మెషీన్ మాత్రం వద్దు. రాయి కోసే చక్రం తీసి చెక్క పళ్లచక్రం వేసి చెక్క కోస్తారు మన దగ్గర. అది పట్టేసిందంటే చేతిలోంచి తన్నుకొస్తుంది. కళ్లున్నవాళ్ల వేళ్లే పోతున్నాయి. నేను దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

మిగతా మెషీన్లకి నా పద్ధతి ఇది. సర్దడం, కొలవడం, బిగించడం అంతా ప్లగ్గు ఊడదీసి, పీకిన ప్లగ్గు జేబులోనో ఒళ్లోనో ఉంచుకుని చేస్తాను. రెండు చేతులూ ఎక్కడుండాలో ముందు ఆగిన మెషీన్ మీద రెండుసార్లు ఆడించి చూసుకుంటాను. తర్వాతే ప్లగ్గు. స్విచ్చి ఆపాక బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ ఈల సన్నబడి, గరగరమని, పూర్తిగా మౌనమయ్యేదాకా చేతులు కదపను.

నాగావళి_మాస్టారు

చెవుల సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ దాటిన మోత రోజూ గంటల తరబడి వింటే చెవి పాడవుతుంది. మనకి రోడ్డు దాటాలన్నా, బస్సు నంబరు అడగాలన్నా చెవే దారి. అందుకని మెషీన్ ఎక్కువసేపు వాడేవాళ్లు చెవిలో ఇయర్ ప్లగ్గులైనా పెట్టుకోవాలి. ఉలిచప్పుడు గారు ఒప్పుకోరని తెలుసు.

ఉలిచప్పుడు

ఒప్పుకోను మాస్టారూ. చెవి మూస్తే బ్లేడు ఆగిందో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకే నేను మెషీన్ రోజుకి పది నిమిషాలకి మించి నడపను. మిగతాదంతా చేతిరంపమే. మోత తగ్గించుకోవడమే నా దారి.

నాగావళి_మాస్టారు

అది కూడా సరైనదే.

ఇంకో జాగ్రత్త. తలుపు పనిలోంచి స్విచ్చిబోర్డు పనిలోకి ఎవరైనా వెళ్తారు, నాకు తెలుసు. మనింటి సాకెట్టులో 230 వోల్టులు. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైనున్న పెద్ద బెజ్జం ఎర్తు, కుడివైపుది ఫేజు, ఎడమది న్యూట్రలు. వైరింగు చేసినవాడు తారుమారు చేసి ఉండొచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు. మోగే టెస్టర్లు వస్తున్నాయి, తీగకి దగ్గరగా పెడితే బీప్ అంటాయి. దాన్ని ముందు కరెంటున్న సాకెట్టు దగ్గర మోగించి చూసి, తర్వాత ఆపేసిన చోట చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. మధ్యలో బ్యాటరీ పోతే ఆ నిశ్శబ్దాన్ని నమ్మి చెయ్యి పెడతాం.

అన్నిటికంటే ముఖ్యం, ఇన్వర్టరు. మెయిన్ ఆపేశాం కదా అనుకుంటాం. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే అది తీసుకుని ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటు ఇస్తుంది. ముందు దాన్ని ఆపాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఇంటికి పెట్టించుకోండి, ఎలక్ట్రీషియన్ చేతనే. తీగల రంగు తెలియాలంటే ఎవరినో అడగాలి.

వంశధార_88

రంగుకి బి మై ఐస్ అనే ఫోను యాప్ ఉంది కదా మాస్టారూ. వీడియో కాల్లో చూపున్నవాళ్లు చెప్తారు. 2015లో వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన డెన్మార్కు ఆయన హాన్స్ యోర్గెన్ వీబెర్గ్ ఫర్నిచర్ చేసే మనిషి, ఆయనకీ చూపు సరిగా లేదు. మన వడ్రంగిబల్ల దగ్గర నుంచే పుట్టిందన్నమాట. తీగల రంగు కంటే, స్క్రూ డబ్బా మీద సైజు చదివించడానికి నేను ఎక్కువ వాడతాను.

కట్టర్ మెషీన్ కొనను. మాటిస్తున్నాను అన్నా.

ఉద్దానం_కొబ్బరితోట

మాది కవిటి వైపు. తిత్లీ తుపాను రాత్రి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము, మా పెంకుటింటి వెనకతలుపు గొళ్లెం ఊడిపోయింది. గాలి తలుపుని పెళపెళా బాదుతోంది. కరెంటు ఎప్పుడో పోయింది. ఇంట్లో అందరూ టార్చి కోసం వెతుకుతున్నారు. నేను మూలనున్న డబ్బాలోంచి మేకులు, సుత్తి తీసుకుని, అడ్డచెక్క పెట్టి కొట్టేశాను. మా నాన్న రెక్క మీద వాలి పట్టుకున్నాడు. నా మేకుల డబ్బా ఎక్కడుందో, అందులో మూడంగుళాలవి ఏ అరలో ఉన్నాయో నాకు తెలుసు కాబట్టి అయింది. తెల్లారాక చూస్తే తోటలో చెట్లన్నీ పడిపోయాయి. మా నాన్న చెట్లు లెక్కపెట్టలేక ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు. ఆ గొళ్లెం సంగతి ఇప్పటికీ ఊళ్లో అందరికీ చెప్తాడు.

మేకు కొట్టేటప్పుడు మేకుని బట్టల క్లిప్పుతో పట్టుకోండి. వేళ్లు దూరంగా ఉంటాయి.

పడ్డ కొబ్బరిమానులతో రెండు బల్లలు చేశాను. కొబ్బరిచెక్క అంచు దగ్గర రాయిలా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తబడుతుంది. ఈనెలు ఊడి వేలికి గుచ్చుకుంటాయి. మొదటిసారి చేసేవాళ్లకి అది వద్దు.

ఆమదాలవలస_కుర్రాడు

నాలుగు రోజులైంది రాసి. చెప్తాను.

రెండు స్క్రూలకీ అగ్గిపుల్లలు పెట్టాను. ఒకదానికి మూడు పట్టాయి, ఒకదానికి అయిదు. చీలిక పెట్టి తట్టేటప్పుడు బందు మీద వేలుంచాను. ఒక్కసారిగా ఆ లాగుడు పోవడం తెలిసింది. అది తెలిసినప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. మర్నాడు సాయంత్రం స్క్రూలు బిగించాను. చివరి రెండు చుట్లు గట్టిగా పట్టాయి. గడప దగ్గర రాయడం పూర్తిగా పోయింది. పైమూలలో మాత్రం అట్ట ఇంకా ఆగుతోంది, జానెడు కాస్తా నాలుగువేళ్ల మేర అయింది.

అప్పుడు చిత్రిక. పలక సాన పట్టడం మేస్త్రీ గారు ఫోనులో చెప్పారు (ఆయన నంబరు వ్యక్తిగత సందేశంలో పంపారు, ధన్యవాదాలు). గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టేదాకా రుద్దాను. ఈనె ఎటుందో చూడమన్నారు కదా, గోరుతో రెండువైపులా గీసి చూశాను. ఆవు వీపు నిమిరినట్టే ఉంది. ఒకవైపు నునుపు, ఎదురు నిమిరితే గరుకు. నునుపువైపే తోశాను. రెండు టేపుముక్కల మధ్య పది తోపులు, తర్వాత అట్ట. మళ్లీ పది, మళ్లీ అట్ట. మూడోసారికి అట్ట జారిపోయింది. పొట్టు చేతిలోకి తీసుకుంటే పొడుగ్గా చుట్ట చుట్టుకుని ఉంది, టేకు వాసనతో. నాన్న పని చేస్తున్నప్పుడు వసారా అంతా ఆ వాసనే ఉండేది.

అమ్మ తలుపు ఒక చేత్తో వేసింది. తీసి మళ్లీ వేసింది. ఏమీ అనలేదు. చిత్రిక నాన్న పెట్టెలో పెట్టబోతే, అక్కడెందుకు, గూట్లో పెట్టుకో, అందుతుంది అంది.

అక్కయ్య_నెల్లిమర్ల

చదువుతుంటే కళ్లనీళ్లొచ్చాయి బాబూ. మా తమ్ముడికి సానరాయి కొన్నాను. చవితి వెళ్లాక మీ అందరి సలహాతో మొదలుపెట్టిస్తాను.

సెక్కమేస్త్రీ_నరసన్నపేట

ముప్పై తోపుల్లో తేల్చీసేవు. నానైతే యాబై తీసుందును.

సెక్కిన సోట పచ్చిగా ఒగ్గీకు బాబూ, వాన తడి మళ్లీ పీల్చేస్తాది. అవిసెనూనె గుడ్డతో రాసీ. సేత్తో తెలుస్తాది ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో, బ్రష్షు అక్కర్లేదు. ఒక్క జాగర్త. ఆ నూనెగుడ్డని ఉండ సుట్టి మూల పడీకు. దానంతటదే వేడెక్కి అంటుకుంటాది, నాను ఒక కొట్టు కాలిపోడం సూసేను. తీగ మీద పరిసి ఆరబెట్టు, లేపోతే నీళ్లల్లో ముంచీసి పారీ.

ఆమదాలవలస_కుర్రాడు

తప్పకుండా మేస్త్రీ గారూ. ఇప్పుడు అమ్మకి కాస్త ఎత్తుపీట చెయ్యాలనుంది, నేల మీద కూర్చుని లేవలేకపోతోంది. ఏ చెక్క అయితే మంచిది? టేకు కొనే స్థోమత లేదు.

ఉలిచప్పుడు

పనస. మా పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది పనసచెక్కతోనే, ఒకే మానుని తొలిచి బోలుగా ఉండే కుండా, పొడుగాటి దండీ కలిపి చెక్కుతారు. ఉలికి లొంగుతుంది, చీలిపోదు, పురుగు అంత తొందరగా పట్టదు. నా దగ్గర అడుగున్నర పొడుగు పలక ఒకటి, కాళ్లకి సరిపడే ముక్కలు నాలుగు ఉన్నాయి, మూడేళ్లుగా నీడలో ఆరినవి. పీట ఎత్తు పద్దెనిమిది అంగుళాలకి తగ్గకుండా పెట్టు, మోకాళ్లకి సుఖం. అమ్మగారి మోకాలి కింద నుంచి నేల దాకా ఒక కొలపుల్ల కోసుకుని రా, అదే లెక్క.

వచ్చే ఆదివారం నేను శ్రీకాకుళం వస్తున్నాను. పొద్దున్న బండిలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగుతాను, మీ ఊరేగా అది. బయట టీకొట్టు దగ్గర ఉంటాను. చెక్కలు గోనెసంచిలో ఉంటాయి.

ఆమదాలవలస_కుర్రాడు

వస్తానన్నా. పుల్ల ఇవాళే కోస్తాను.